పదును కుదిరినాది

ఆయన పోయాడని మా పాత శిష్యుడొకడు మొన్న విజయనగరం బస్టాండులో కనిపించి చెప్పాడు. "ఎలా పోయాడు?" అని అడిగాను. "ఎలా పోడమేటి మేస్టారూ, ఎనబయ్యేళ్లు దాటినోడు, పడుకుని పోనాడు" అన్నాడు వాడు. నాకా జవాబు చాలలేదు. పడుకున్న మనిషి ఊరికే ఎలా పోతాడు, దీని వెనక ఇంకేదో ఉండే ఉంటుందని ఇల్లు చేరేదాకా తవ్వుకుంటూనే ఉన్నాను. నా బుద్ధే అంత. పాలవాడు ఒకరోజు చిక్కటి పాలు పోస్తే ఇవాళ ఇందులో ఏం కలిపాడా అని గ్లాసు వెలుతురుకు పట్టి చూస్తాను. మా ఆవిడ నన్ను అనుమానపు పక్షి అంటుంది. ఆ మాట ఎందుకంటోందా అని అదొక అనుమానం.

ఈ జబ్బుతో నేను నలుగురినీ విసిగించానే తప్ప ఎవరి కొంపా తీయలేదు. ఒక్క ఆయన విషయంలో తప్ప. ఆయన తొమ్మిది రోజులు పోలీసు క్యాంపులో కూర్చున్నాడంటే అది నా మూలంగానే. ఆ సంగతి ఆయనకు తెలుసా, తెలియదా అని ఆ రోజుల్లో నేను పడ్డ గుంజాటన ఇంతా అంతా కాదు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. పాతపట్నానికి నాలుగు మైళ్ల అవతల ఒక ఊరికి బడిపంతులుగా వేశారు. పంతులుకే పోస్టాఫీసు పని కూడా అప్పగించేవారు. బడి వరండాలో ఒక బల్ల, ఒక ముద్ర, సిరా దిమ్మ, గోడకు తగిలించిన ఒక సంచి. అదే పోస్టాఫీసు. రోజూ మధ్యాహ్నం రన్నరు వచ్చి సంచి మూతి కట్టుకుని పాతపట్నం పట్టుకుపోయేవాడు. మాది విజయనగరంలో బట్టల కొట్టు. మా ఇంట్లో ఎవరికీ సెంటు భూమి లేదు. మాకు నేలంటే కొట్టు కింద ఉన్న నేలే.

నేను చేరిన వారానికి ఆయన కార్డు కొనడానికి వచ్చాడు. నల్లగా, పొడుగ్గా, వంగని నడుముతో, యాభై ఏళ్ల రైతు. నేను పెన్సిలు చెక్కుకుంటున్నాను. ఆయన కార్డు సంగతి మర్చిపోయి నా చేతివంకే చూస్తూ నిలబడ్డాడు.

"అదేటి బాబూ?"

"చాకు."

"సాకా? నాను అట్లకాడ అనుకున్నాను."

అడక్కుండానే నా చేతిలోంచి తీసుకుని అంచును బొటనవేలి గోరు మీద ఆనించాడు. చాకు జారింది. వేలితో టంగుమనిపించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చివరికి వాసన కూడా చూశాడు. "ఇనుము మంచిదే. మీరే దీన్ని సంపీసినారు" అని, దాన్ని మొలలో దోపుకుని వెళ్లిపోయాడు. కార్డు కొననే లేదు. విజయనగరంలో ఏరికోరి కొన్న చాకు. ఇంక అది వస్తుందన్న ఆశ నాకు లేదు.

మర్నాడు పొద్దున్నే తెచ్చి బల్లమీద పెట్టాడు. "జాగర్త బాబూ, ఇది నిన్నటిది కాదు" అన్నాడు. నేను వినిపించుకోలేదు. పెన్సిలు పట్టుకున్నాను, నా బొటనవేలు తెగింది. తెగిన సంగతి కాగితం మీద రక్తం పడ్డాక తెలిసింది. నొప్పి కూడా లేదు. ఏమివ్వాలని అడిగితే, "ఇచ్చీదేటి నేదు. మళ్లీ సంపకండి, అంతే" అన్నాడు. ఊరికే ఎవరైనా పని చేసిపెడతారా? ఈయనకు నాతో ఏదో అవసరం ఉంది, దేనికో గాలం వేస్తున్నాడని ఆ పూటే తీర్మానించుకున్నాను.

ఊరికి మాత్రం ఆయన మీద వేరే ఫిర్యాదు ఉండేది. ఎడ్లను అడిగితే ఇచ్చేవాడు, బండి ఇచ్చేవాడు, గింజలు ఇచ్చేవాడు. కత్తి మాత్రం ఇచ్చేవాడు కాదు. ఎవరింట్లోనైనా పనసకాయ కొయ్యాలన్నా, మేకను కొయ్యాలన్నా తనే తన కత్తితో వచ్చి, కోసి, అక్కడే కడిగి, తుడిచి, ఆముదం రాసి, పాత పంచె గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయేవాడు. ఆయన దగ్గర పదకొండు కత్తులున్నాయి. కొబ్బరి కొట్టేది, తాటాకు నరికేది, లారీ కమాను కట్టతో కొలిమిలో దగ్గరుండి సాగగొట్టించుకున్నది ఒకటి. అన్నీ తాటాకు పెట్టెలో వరసగా పడుకునేవి. దేనికీ మరక ఉండేది కాదు.

వాటిల్లో ఒకదాని కథ ఊరంతా చెప్పుకునేవారు. బొబ్బిలి నుంచి వీణలు చేసే ఒకాయన పనస మాను కోసం తిరుగుతూ ఈయన పెరట్లో చెట్టు చూసి బేరమాడాడట. ఈయన డబ్బు వద్దని, ఆ పనివాడి సంచిలో ఉన్న చెక్కుడు కత్తి అడిగాడట. జానెడు కూడా లేదు. దానికోసం ఏటా వంద కాయలు కాసే చెట్టు కొట్టించేశాడు. ఆయన భార్య నెల రోజులు మాట్లాడలేదట. ఒకసారి నేనే అడిగాను, దాంతో ఏం చేస్తారని.

"ఏటీ సెయ్యను బాబూ. సూస్తాను."

"చూడ్డానికి కత్తెందుకు?"

"మీరు బొమ్మలు సూడరేటి?"

నిజంగా చూసేవాడు. ఎండలో అరుగు మీద కూర్చుని ఆ అంచును అటు తిప్పి ఇటు తిప్పి చూసేవాడు. అంచు మీద ఎక్కడైనా వెలుతురు మెరిసిందంటే అక్కడ మొద్దుబారినట్టట. బాగా పదునెక్కిన అంచు కంటికి కనిపించకూడదట. నాకు ఆ మాట బాగా నచ్చింది. కనిపించని దాని గురించి ఇంత ఆలోచించేవాడు మామూలు మనిషి కాదనే అనుమానం కూడా కలిగింది.

ఒక పెళ్లిలో పంక్తిలో నా పక్కనే కూర్చున్నాడు. గుమ్మడికాయ దప్పళం వడ్డించారు. ఆకులోంచి ఒక ముక్క తీసి అంచు చూశాడు. "ఇది కోసినది కాదు, నలిపినది" అని లేచి వెళ్లిపోయాడు. పెళ్లికూతురి తండ్రి గాభరాగా వెనకే పరిగెత్తాడు. "బావా, ఏటి తప్పయినాది? ఎవులేటన్నారు?" అంటూ. ఆయన వంటశాలలోకి వెళ్లి కత్తిపీట ముందు కూర్చుని, మొలలోంచి సాన రాయి తీసి, నీళ్లు చిలకరించి, నూరాడు. వంటవాళ్లు చూస్తుండగా ఒక ఉల్లిపాయ కోశాడు. "సూడండి, ఏడుపు వస్తన్నాదేటి? ఏడిపించీది ఉల్లిపాయ కాదు, మొద్దు కత్తి" అన్నాడు. తిరిగి వచ్చి కూర్చుని శుభ్రంగా తిన్నాడు. పెళ్లివారు మాత్రం, పిలిచిన ఇంట్లో వంక పెట్టడానికే వచ్చాడని చాన్నాళ్లు అన్నారు.

సాన రాళ్లు మూడు. మహేంద్రతనయ ఏట్లో ఎండాకాలం రోజుల తరబడి వెతికి తెచ్చుకున్నవి. గరుకుది, నునుపుది, ఇంకా నునుపుది. తెల్లవారకముందే పెరట్లో కూర్చుని నూరేవాడు. నా గది ఆయన పెరటి గోడకు అవతలే. సర్రు, సర్రు అని ఆ చప్పుడుకే రోజూ మెలకువ వచ్చేది. "నిన్ననే నూరారు కదా" అంటే, "నిన్న నూరితే ఇయ్యాల ఉంటాదని నమ్మకమేటి?" అనేవాడు. "మనిసిని నమ్మొచ్చు బాబూ. ఇనుముని నమ్మకూడదు." ఇది ఆయన ఊతపదం. రోజుకొకసారైనా అనేవాడు.

మనిషిని నమ్మే కాలం కాదది. అరవైలు ముగిసే రోజులు. ఏజెన్సీ కొండల మీద నక్సలైట్ల గొడవలు. సంతలో గుడారాలు వేసి పోలీసు క్యాంపు పెట్టారు. టీకొట్టులో కొత్త మనిషి కనిపిస్తే మాటలు ఆగిపోయేవి. అతను పోలీసు మనిషో, కొండ మనిషో అని ఎవరికి వారే లెక్కలు వేసుకునేవారు. ఊళ్లో కుర్రాళ్లను పోలీసులు ఊరికే ఎత్తుకెళ్లి అడుగుతున్నారని, తల్లులు వాళ్లను బంధువుల ఊళ్లకు తోలేశారు. నాగలి పట్టే మనిషి దొరకడం కష్టమైంది. నాకేమో ప్రతి చప్పుడూ అనుమానమే. తెల్లవారుజామున పదకొండు కత్తులు నూరే మనిషి గోడ అవతలే ఉంటే నిద్రెలా పడుతుంది?

జూన్‌లో, బడి తెరిచిన వారంలో ఒక రాత్రి మంచి వాన పడింది. నాకు వానంటే బడి కప్పు కారడం, రిజిస్టర్లు తడవడం. మర్నాడు నేను పుస్తకాలు ఆరబెట్టుకుంటుంటే ఆయన వచ్చాడు. కార్డు కొని, మెట్టు మీద కూర్చుని పెద్ద పెద్ద అక్షరాలతో తనే రాసి ఇచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "బేగి ఎల్లాలి బాబూ. ఆలీసం అయితే పనికిరాదు" అన్నాడు.

ఆయన అటు వెళ్లగానే నేను చదివాను. చదవకూడదు. చదివాను. నెల్లిమర్లలో జూటు మిల్లులో పనిచేసే బావమరిదికి రాశాడు.

"బావకి రాయునది. పదును కుదిరినాది. నువ్వు, నీ కొడుకులిద్దరు ఈ కార్డు అందిన ఎంటనే బయలెల్లి రండి. ఇక్కడ మనుసులు దొరకడం లేదు. నాలుగైదు రోజులు దాటితే చేసీది ఏటీ లేదు. ఎవులికోసమూ ఆగవద్దు."

నాకు వేరే అర్థం తట్టనే లేదు. పదును కుదిరింది. మనుషులు కావాలి. అయిదు రోజుల్లో ఏదో చెయ్యాలి. మిల్లు నుంచి కుర్రాళ్లు. రన్నరు వచ్చి సంచి మూతి కట్టినప్పుడు ఆ కార్డు నా చొక్కా జేబులో ఉంది. దానికి ముద్ర కూడా కొట్టలేదు. సాయంత్రం సైకిలు మీద క్యాంపుకు వెళ్లి ఎస్సైకి చూపించాను. ఆ ఎస్సై కాకినాడ వైపు మనిషి. రెండుసార్లు చదివి, కార్డు సొరుగులో పెట్టి, "మంచి పని చేశారు మాస్టారూ. చదువుకున్నవాళ్లు ఇలా ఉంటేనే దేశం బాగుపడేది" అన్నాడు. నాకు ఛాతీ పొంగింది. ఆ పొంగు తల్చుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

పొద్దున్నే జీపు వచ్చింది. ఆయన అరుగు మీద గింజల బుట్ట పెట్టుకుని కూర్చున్నాడు. తాటాకు పెట్టె తెచ్చి, గోనెపట్టా పరిచి, కత్తులన్నీ వరసగా పెట్టించారు. ఊరంతా దూరంగా నిలబడి చూశాం. నేనూ అందరిలో నిలబడ్డాను. ఎస్సై ఒక్కొక్కటే తీసి చూస్తున్నాడు.

"అంచు మీద సెయ్యి పెట్టకండి బాబూ, తెగిపోద్ది" అన్నాడు ఆయన.

బెదిరిస్తున్నావా అని ఎస్సై చెంప మీద కొట్టాడు. తర్వాత వీణల కత్తి చూపించి ఇది దేనికని అడిగాడు. "సూడ్డానికి" అన్నాడు ఆయన. దానికి ఇంకో దెబ్బ పడింది. జీపు ఎక్కించేటప్పుడు ఆయన ఒక్కసారి పొలాలవైపు చూశాడు. మా వైపు చూడలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం నాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ అన్నం వడ్డిస్తూ తనలో తను అనుకుంటున్నట్టు అంది. "పాపం సూడండి బాబూ. వానకి పదును కుదిరినాదని ఊరందరూ గోగు ఇత్తీసుకుంటన్నారు. ఆయన మెట్ట ఒక్కటే అలా పడున్నాది. ఇయ్యాలో రేపో ఇత్తకపోతే పదును పోతాది."

"ఏం పదును?" అన్నాను.

"పదునంటే పదునే. ఇంకేటంటారు మీ ఊళ్లో? భూమి తడి మరీ ఎక్కువా కాకుండా, తక్కువా కాకుండా, నాగలి ఏస్తే మట్టి పొడిగా ఇరిగీలాగున్నప్పుడు పదును కుదిరినాదంటాం. అది ఎన్నాళ్లుంటాది? ఈ ఎండకి అయిదారు రోజులు."

"ఊళ్లో ఎవరైనా ఆయనకు విత్తిపెట్టొచ్చు కదా" అన్నాను.

"ఎవులిత్తుతారు? నాగలి పట్టే కుర్రోళ్లు నేరు. ఉన్నోళ్లకి బయం. ఆయన సేల్లో కాలెడితే మమ్మల్నీ జీపెక్కించీస్తారని. ఆయన ఇంటిది నిన్న నాలుగు గుమ్మాలు తిరిగొచ్చింది. ఆ రెండెకరాల గోగే వాళ్లకి ఏడాది తిండి."

గోగునార అమ్మితేనే వాళ్లకు బియ్యం. నాకిప్పుడు అంతా తెలిసింది. క్యాంపులో ఆయన కూడా మొదటిరోజు నుంచీ ఇదే మాట చెబుతున్నాడని తర్వాత తెలిసింది. పదకొండు కత్తులున్నవాడు భూమి పదునని చెబితే ఎస్సై నమ్మలేదు. ఊరివాళ్లు చెప్పినా నమ్మేవాడు కాదు, అందరూ ఒకటే అనుకునేవాడు. నేను చెబితే నమ్మేవాడు. ఆ కార్డు పట్టుకెళ్లి ఇచ్చినవాణ్ణే వచ్చి, నాకు తెలుగు సరిగా రాదు సార్, తప్పు చదివాను అంటే ఆ పూటే వదిలేసేవాడు. ఇంకా ఒకటి రెండు రోజుల తడి ఉంది.

ఆ సాయంత్రం సైకిలు తీశాను. సంతదాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లాను. గుడారాలు కనిపించగానే సైకిలు తిప్పేశాను. ఉత్తరం ఆపడం నేరం. ఉద్యోగం పోతుంది. ఊళ్లో తెలిస్తే నా మొహాన ఉమ్మేస్తారు. సిగ్గని చెప్పుకుంటే బాగానే ఉంటుంది గాని, అది సిగ్గు కాదు. ఉత్త భయం. ఆ తర్వాత సైకిలు తియ్యలేదు. ఇంటావిడ అన్నం పెడుతూ ఆయన సంగతి ఎత్తితే, తలకాయ నొప్పని లేచిపోయేవాణ్ణి. తెల్లవారుజామున గోడ అవతల చప్పుడు లేదు. చప్పుడు లేకపోయినా అదే వేళకు మెలకువ వచ్చేది.

తొమ్మిదోరోజు వదిలారు. టెక్కలి వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన ముసలి కానిస్టేబులు ఒకాయన సెలవు మీంచి తిరిగొచ్చి, సొరుగులో కార్డు చూసి నవ్వాడట. "ఇది ఇత్తనాల ఉత్తరం సార్. మా నాన్న కూడా ఇలాగే రాస్తాడు" అన్నాడట. కత్తులు తిరిగి ఇచ్చారు. వాటితో తొమ్మిది రోజులు వంటకు కట్టెలు చీల్చారు. అంచులు గంట్లు పడ్డాయి. పది తిరిగొచ్చాయి, వీణల కత్తి రాలేదు. అడిగితే అలాంటిది లేదన్నారట.

మర్నాడు మధ్యాహ్నం, రన్నరు రావడానికి ఇంకా కాస్త వ్యవధి ఉండగా, ఆయన పోస్టాఫీసుకు వచ్చాడు. చెంప మీద వాపు ఇంకా తగ్గలేదు. పిల్లలకు ఎక్కాలు రాయమని చెప్పి నేను బల్ల దగ్గరికి వెళ్లాను. ఆయన చేతులు చూశాను. ఖాళీగా ఉన్నాయి.

"కార్డొకటి ఇవ్వండి బాబూ."

ఇచ్చాను. ఆయన తీసుకోలేదు. మెట్టు మీద కూర్చున్నాడు.

"మీరే రాయండి. నా తెలుగు సదువుకున్నోళ్లకి అందడం నేదు."

కలం తీశాను. అదే బావమరిది, నెల్లిమర్ల. అదే చిరునామా. ఆయన పొలాలవైపు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు.

"బావకి రాయునది. పదును పోనాది."

నా కలం ఆగింది.

"రాయండి" అన్నాడు. "పదును పోనాది. ఇంక మీరు రానక్కర్నేదు. మేమందరం బాగున్నాం."

రాశాను. ఆ మాట నా చేత్తో రాశాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. కార్డు సంచిలో వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ కార్డు క్యాంపులో నా ముందే బల్లమీద పెట్టీవోరు. తొమ్మిది రోజులు దాన్నే సూసినాను. ఇటు సూసినాను, అటు తిప్పి సూసినాను. ఎక్కడా మీ ముద్ర నేదు." గొంతు పెంచలేదు. నా మొహంలోకి కూడా చూడలేదు. "దీనికి కొట్టండి. నాను సూస్తాను."

ముద్రను సిరా దిమ్మ మీద అద్దాను. కొట్టాను. ఊరి పేరు సగమే పడింది.

"మళ్లీ కొట్టండి" అన్నాడు.

మళ్లీ కొట్టాను. రన్నరు వచ్చి సంచి మూతి కట్టి భుజాన వేసుకునేదాకా ఆయన మెట్టు మీంచి లేవలేదు.